ఆ రీల్ ఏ నెలలో తీశారో చూశారా?

డిసెంబర్‌లో తీసిన లంబసింగి రీల్ ఏప్రిల్‌లో మన ఫీడ్‌లోకి వస్తుంది. కాళ్ల కింద పాలసముద్రంలా మబ్బులు, చేతిలో పొగలు కక్కే టీ గ్లాసు, వెనకాల ఓ సినిమా పాట. చూసిన ఐదు నిమిషాల్లో వాట్సాప్ గ్రూపు తయారు! ఆదివారం తెల్లారకముందే బైకులు అనకాపల్లి దాటి, నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కేస్తాయి. తీరా పైకి వెళ్తే మబ్బుల్లేవు, చలి లేదు. పదింటికే ఎండ చురుక్కుమంటుంది. పాపం, లంబసింగి ఏం చేస్తుంది? రీల్‌లో లొకేషన్ ఉంటుంది, పాట ఉంటుంది. నెల పేరు మాత్రం ఉండదు.

నిజానికి సీజన్ చూసుకుని తిరగడానికి అనకాపల్లి వాళ్లంత అదృష్టవంతులు మన దగ్గర తక్కువ. ఒకవైపు గంట ప్రయాణంలో సముద్రం. ఇంకోవైపు 80 కిలోమీటర్లకు అటూఇటూగా వెయ్యి మీటర్ల ఎత్తున కొండలు. వెయ్యి మీటర్లు పైకెళ్తే ఉష్ణోగ్రత సుమారు ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు, బోలెడు డబ్బు మిగులుతుంది. మే నెలలో కింద 38 ఉంటే పైన 31, 32. హాయిగానే ఉంటుంది, సాయంత్రాలు ఇంకా బాగుంటాయి. స్వెట్టర్ మాత్రం బ్యాగులోంచి బయటకు రాదు.

మరి అదే చోట శీతాకాలంలో రెండు మూడు డిగ్రీలకు ఎలా పడిపోతుంది? మేఘాలు నేలకు దుప్పటి లాంటివి. పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రి పైకి పోకుండా అవి ఆపుతాయి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఆకాశం నిర్మలంగా ఉంటే ఆ వేడంతా ఎగిరిపోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి లోయల్లోకి జారి అక్కడే కూర్చుంటుంది. అందులోని తేమే పొగమంచు అవుతుంది. మనం చెరువులవేనం మీదో, పాడేరు దగ్గర వంజంగి కొండ మీదో నిలబడితే అది కాళ్ల కింద కనబడుతుంది. దాన్నే మబ్బుల సముద్రం అంటున్నాం. లంబసింగికి కొర్రబయలు అనే పేరు ఊరికే రాలేదు. బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని అక్కడివాళ్ల మాట.

కాబట్టి ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు ఒక్క ఉష్ణోగ్రతే చూస్తే సరిపోదు. రాత్రి ఆకాశం ఎలా ఉంటుంది, గాలి ఎంత ఉంటుంది అన్నవి కూడా చూడాలి. ఒకట్రెండు రోజుల ముందు కాస్త వాన పడి, రాత్రి ఆకాశం తేటపడి, గాలి లేకపోతే టికెట్ తగిలినట్టే. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉండి మబ్బు పట్టిందా, చలి పెద్దగా ఉండదు. కింద మబ్బులు కనబడవు సరికదా, మీరే మబ్బులో ఉంటారు. అనకాపల్లి పేరు కొట్టి చూసినా లాభం లేదు. చింతపల్లి, పాడేరు పేర్లతో వెతకండి. ఏజెన్సీ చలి గురించి పేపర్లో వచ్చే అంకెలు కూడా ఎక్కువగా చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో నమోదైనవే.

ఇంకో సంగతి. పొగమంచు చూడాలనుకుంటే ఆ పొగమంచులోనే బండి నడపాలి. అర్ధరాత్రి రెండింటికి బయల్దేరి, నిద్ర కళ్లతో, ముగ్గురేసి ఎక్కి, పది అడుగుల ముందు ఏముందో కనబడని ఘాట్‌లో మలుపులు తిరగడం ఏ రీల్‌కీ తగ్గ రేటు కాదు. ముందురోజు వెలుతురు ఉండగానే పైకి చేరి, అక్కడే ఏదో ఒక గదిలోనో టెంట్‌లోనో పడుకోండి. శని, ఆదివారాలు వదిలేసి మంగళవారమో బుధవారమో వెళ్తే చలీ అదే, మబ్బులూ అవే, జనం మాత్రం ఉండరు. ఇంకా చెప్పాలంటే చెరువులవేనం ఒక గిరిజన గ్రామం. మనం బిస్కెట్ ప్యాకెట్లు పడేసి వచ్చే ఆ వాలులో వాళ్లు బతుకుతున్నారు.

సముద్రం విషయానికొస్తే ఇంకాస్త గట్టిగానే మాట్లాడుకోవాలి. 2022 జులై చివర్లో, పరీక్షలు అయిపోయాయని సరదాగా పూడిమడక తీరానికి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు అలల్లో కొట్టుకుపోయారు. చనిపోయినవాళ్లలో మన చుట్టుపక్కల ఇళ్ల పిల్లలూ ఉన్నారు. జులై అంటే నైరుతి గాలులు బలంగా ఉండే కాలం. ఎండ కాస్తున్నా అలల జోరు తగ్గదు. మన తీరంలో నాలుగడుగులు వేస్తే చాలు, లోతు తెలియకుండా పెరిగే చోట్లు చాలా ఉన్నాయి. రెండు పెద్ద అలల మధ్య నీళ్లు ప్రశాంతంగా కనబడే చోటు చూసి అక్కడ దిగుతాం. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పరుగెత్తే దారి చాలాసార్లు అదే! అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోతాం. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. ఈత రాకపోతే మోకాలి లోతు దాటొద్దు, అది ఏ నెలైనా సరే. దిగాలా వద్దా అన్నది గూగుల్ రివ్యూలను కాకుండా అక్కడ వల సర్దుకుంటున్న మత్స్యకారుణ్ణి అడగండి.

నది కూడా అంతే. పాపికొండలు నవంబర్ తర్వాత వెళ్లాల్సిన చోటు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు గోదావరి వరద మీద ఉంది.

దసరా సెలవులకు టూర్ పెట్టుకునేవాళ్లు క్యాలెండర్ ఓసారి చూడండి. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబర్ 12న. తిత్లీ శ్రీకాకుళాన్ని కుదిపేసింది 2018 అక్టోబర్ 11న. అక్టోబర్, నవంబర్ మన తీరానికి తుపాన్ల కాలం. అలాగని ఇంట్లో కూర్చోమని కాదు. వానలు తెరిపిచ్చాక ఆ రెండు నెలల్లోనే కొండలు అసలు పచ్చగా ఉంటాయి. కొత్తపల్లి జలపాతం నిండుగా దూకుతుంది. నవంబర్ దాటుతుంటే అరకు దారిలో వలిసె పూలు పసుపు ఆరబోసినట్టు పూస్తాయి. రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే గదులే బుక్ చేసుకుని, మూడు రోజుల ముందు వాతావరణ శాఖ వాళ్ల ‘మౌసం’ యాప్ చూసి తేల్చుకోండి. పసుపు రంగు ఉంటే జాగ్రత్త పడండి. నారింజ రంగు వస్తే ఘాట్ రోడ్డు ప్లాన్ మానేయండి. ఎరుపైతే ఇక చెప్పేదేముంది. పిడుగుల కోసం ‘దామిని’ అని వేరే యాప్ ఉంది, అదీ వేసుకోండి.

వేసవిలో ఊటీ వెళ్తామంటారా? వెళ్లండి. కాకపోతే అందరూ అప్పుడే వెళ్తారు. జనం తాకిడికి తట్టుకోలేక ఊటీ, కొడైకెనాల్‌లకు 2024 మే 7 నుంచి ఈ-పాస్ పెట్టారు. బయల్దేరే ముందు అది చూసుకోకపోతే చెక్‌పోస్టు దగ్గరే హాలిడే మొదలవుతుంది.

నన్నడిగితే మన ఊరి అసలు సీజన్ సంక్రాంతి. జనం అంతా కొండెక్కుతుంటే మీరు కిందే ఉండండి. కొండకర్ల ఆవలో వలస పక్షులు అప్పటికి దిగి ఉంటాయి. కొల్లేరు తర్వాత మనకున్న పెద్ద మంచినీటి సరస్సు ఇదే అంటారు. తాటిదొన్నెలో పొద్దున్నే ఓ గంట తిరిగితే చాలు. కనుమ నాడు శంకరంలో బొజ్జన్నకొండ తీర్థం. మిగతా రోజుల్లో ఖాళీగా ఉండే ఆ బౌద్ధ గుహల దగ్గర ఆ రోజు కాలు పెట్టడానికి చోటుండదు. ప్రశాంతంగా చూడాలంటే ఓ రెండు రోజులు ఆగి వెళ్లండి. వచ్చేటప్పుడు చెరకు గానుగ ఆడుతున్న కళ్లం ఏదైనా కనబడితే బండి ఆపండి. పెనంలో పాకం ముదురుతున్న వాసన రోడ్డు మీదికే వస్తుంది. మర్యాదగా అడిగితే తాటాకు ముక్క మీద కాస్త వేడి బెల్లం పెడతారు. ఆ చలి పొద్దున దాని ముందు టీ కూడా దిగదుడుపే.