రేస్ ఇస్తే నడిచే లారీ స్లోలో ఎందుకు ఆగిపోతుంది?

కామారెడ్డి జిల్లాలో గాంధారి ఒక మండల కేంద్రం. అక్కడ మక్కలో, వడ్లో నింపుకొన్న లారీ కామారెడ్డి చేరి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కిందంటే ఇటు హైదరాబాదుకైనా, అటు నాగపూరుకైనా పోవచ్చు. అలాంటి లారీ ఒకటి బయలుదేరబోతూ మొరాయించిందనుకుందాం. "రేస్ ఇస్తే మంచిగనే నడుస్తది. కాలు తీస్తే బంద్ పడ్తది" అంటాడు డ్రైవరు.

వింతగా లేదూ? టన్నుల కొద్దీ బరువు లాగగల ఇంజను, ఏ పనీ లేకుండా నిలబడలేకపోవడమేమిటి? దీనికి జవాబు చాలావరకు మీ భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉంది. వెతుకుదాం రండి.

నిప్పురవ్వ లేని ఇంజను

సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. గాలిని త్వరగా నొక్కితే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఈ సూత్రాన్నే ఆధారం చేసుకుని జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో తన ఇంజనును విజయవంతంగా నడిపి చూపాడు. ఇందులో పెట్రోలు ఇంజనులో మాదిరి నిప్పురవ్వ అక్కరలేదు. పిస్టన్ గాలిని దాదాపు పదహారో వంతుకు నొక్కుతుంది. ఆ గాలి ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఇంజెక్టరు డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్ముతుంది. తుంపర దానంతట అదే అంటుకుంటుంది.

అంటే రెండు విషయాలు కావాలన్నమాట: గాలి తగినంత వేడెక్కాలి, డీజిల్ సరైన సమయానికి సరైన పరిమాణంలో తుంపరగా రావాలి.

ఒక లెక్క వేద్దాం

ఆరు సిలిండర్ల లారీ ఇంజను స్లోలో నిమిషానికి 600 సార్లు తిరుగుతోందనుకుందాం. నాలుగు ఘాతాల ఇంజను కాబట్టి రెండు చుట్లకొకసారి ప్రతి సిలిండరులోనూ డీజిల్ మండుతుంది. అంటే ఒక్కో సిలిండరులో నిమిషానికి 300 సార్లు. ఆరింటిలో కలిపి 1,800 సార్లు, గంటకు 1,08,000 సార్లు! గంటకు ఒక లీటరు డీజిల్ ఖర్చయిందనుకుంటే, ఒక్కో విడతకు వచ్చేది సుమారు 9 ఘనపు మిల్లీమీటర్లు. ఒక నీటిచుక్క ఘనపరిమాణం దాదాపు 50 ఘనపు మిల్లీమీటర్లు. చుక్కలో అయిదో వంతుతో ఇంజను ఊపిరి నిలుపుకోవాలి!

పైగా స్లోలో ఇంజనుకు పని లేదనుకోవడం పొరపాటు. తన ఘర్షణను తానే జయించుకోవాలి. నూనె పంపును, నీటి పంపును, ఆల్టర్నేటరును, బ్రేకులకు గాలి నింపే కంప్రెసరును తిప్పాలి. ఒక విడత మంట తప్పిపోతే ఆదుకునేది బరువైన ఫ్లైవీలులో నిలవున్న గతిజశక్తి. అది వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని మీకు తెలుసు. నిమిషానికి 1,800 చుట్లు తిరిగేటప్పుడు ఉన్న శక్తిలో, 600 చుట్ల దగ్గర తొమ్మిదో వంతే మిగులుతుంది. రేస్ ఇచ్చినప్పుడు ఒకటి రెండు మంటలు తప్పినా ఇంజను నెట్టుకొస్తుంది. స్లోలో తప్పితే ఆగిపోతుంది. అంటే జబ్బు రెండు వేళలా ఉంది. స్లోలో మాత్రమే బయటపడుతోంది.

వేగం తగ్గినప్పుడు డీజిల్ పెంచడానికీ, పెరిగినప్పుడు తగ్గించడానికీ గవర్నరు అనే ఏర్పాటు ఉంటుంది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరియంత్రానికి తిరిగే గుండ్లతో అమర్చినది ఇటువంటిదే. పాత లారీల పంపుల్లోనూ ఇటువంటి బరువులే ఉంటాయి. ఇప్పటి బీఎస్-6 లారీలలో ఆ పని కంప్యూటరు చేస్తుంది. ఏది ఉన్నా, పంపుదాకా డీజిలే సరిగా రాకపోతే గవర్నరు మాత్రం ఏం చేస్తుంది?

కనిపించని దొంగ

ఒక ప్రయోగం చేయండి. సూది లేని సిరంజిలో బుడగ లేకుండా నీళ్లు నింపి, మూతిని వేలితో మూసి నొక్కండి. కదలదు. ఇప్పుడు కొంచెం గాలి ఉంచి నొక్కండి. సులభంగా కదులుతుంది. ద్రవాలు దాదాపుగా నొక్కుకుపోవు, గాలి నొక్కుకుపోతుంది. పాత రకం ఇంజెక్టరు తెరుచుకోవడానికి సుమారు 200 వాతావరణాల పీడనం కావాలి. పంపులో గాలిబుడగ ఉంటే, పంపు చేసే శ్రమలో కొంత ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది. విడతకు 9 ఘనపు మిల్లీమీటర్లే పంపే స్లోలో ఆవగింజంత బుడగైనా పెద్ద నష్టమే.

ఆ గాలి ఎక్కడినుంచి వస్తుంది? మరో ప్రయోగం. శీతల పానీయం తాగే గొట్టానికి మధ్యలో సూదితో చిల్లు పొడిచి నీళ్లు పీల్చండి. చిల్లులోంచి నీళ్లు బయటికి కారవు, గాలే లోపలికి వస్తుంది. డీజిల్ ట్యాంకునుంచి ఫీడ్ పంపుదాకా ఉన్న పైపు ఇటువంటిదే. ఇంజను నడిచేటప్పుడు అందులోని పీడనం బయటి వాతావరణ పీడనంకన్నా తక్కువ. అందువల్ల అక్కడ చిన్న పగులుంటే గాలి దూరుతుంది గాని, డీజిల్ కారకపోవచ్చు. తడి కనిపించలేదని పైపు బాగుందనుకోరాదు.

మెకానిక్ ఎలా వెతకాలి?

మంచి మెకానిక్ పానా పట్టకముందే ప్రశ్నలు వేస్తాడు. ఎప్పటినుంచి ఇలా ఉంది? చల్లగా ఉన్నప్పుడేనా, వేడెక్కాక కూడానా? ఈ మధ్య ఫిల్టరు మార్చారా? పొగ ఎలా వస్తోంది? ఫిల్టరు మార్చిన మర్నాడే మొదలైతే గాలి దూరిందన్న అనుమానం బలపడుతుంది. తెల్లపొగ వస్తే డీజిల్ చేరుతోంది గాని సరిగా మండడం లేదు. అప్పుడు ఇంజెక్టర్లనో, పిస్టన్ దగ్గర గాలి నొక్కుడు తగ్గడాన్నో అనుమానించాలి. పొగే లేకుండా ఆగిపోతే డీజిల్ అందడం లేదని అనుమానించవచ్చు.

తర్వాత పరీక్ష. పాత రకం ఇంజనులో ఫిల్టరు పైనున్న స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడతారు. నురగ వస్తే గాలి ఉన్నట్టే. బుడగలు పోయి నిండుధార వచ్చేదాకా కొట్టి బిగిస్తారు. ఇంజను కాసేపు బాగా నడిచి మళ్లీ ఆగితే, గాలి ఇంకా దూరుతోందన్నమాట. అప్పుడు శుభ్రమైన డీజిల్ డబ్బాను ఎత్తులో పెట్టి, వేరే పైపుతో నేరుగా ఫీడ్ పంపుకు కలుపుతారు. ఇంజను నిలకడగా నడిస్తే లోపం ట్యాంకుకూ పంపుకూ మధ్యనే ఉంది. నడవకపోతే పంపులోనో, ఆ తర్వాతనో ఉంది. ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగమైంది! ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలన్న నియమం మీ ప్రయోగశాలలోనిదే. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

ఇవేవీ చూడకుండా స్లో స్క్రూ తిప్పి వేగం పెంచేవారున్నారు. స్లో వేగం నిజంగా తగ్గిపోయి ఉంటే అది సరైన మందే. లేకపోతే జ్వరం తగ్గించడానికి థర్మామీటరు విదిలించినట్టే. దీని ఫలితం చిన్నది కాదు. దిగుడులో ఇంజను ఆగిపోతే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకులకు కొత్త గాలి నిండదు. ఇంకొందరు వెంటనే పంపు విప్పేస్తారు. ఆ పంపులోని సందులు మిల్లీమీటరులో వెయ్యో వంతులలో ఉంటాయి. దుమ్ములో విప్పితే ఉన్న పంపూ పాడవుతుంది, వేల రూపాయల ఖర్చు మీద పడుతుంది. అసలు దోషం పైపు బిగించేచోట నలిగిపోయిన చిన్న రాగి వాషరుది కావచ్చు!

ఒక హెచ్చరిక. సిరంజి, గొట్టం ప్రయోగాలు మీరు చేయండి. లారీ దగ్గర మాత్రం దూరంగా నిలబడి చూడండి. కొత్త ఇంజనులలో డీజిల్ పీడనం వెయ్యి వాతావరణాలు దాటుతుంది. ఆ పైపులు వదులు చేస్తే చిమ్మే ధార చర్మంలోకి చొచ్చుకుపోతుంది. మూసిన షెడ్డులో ఇంజను నడపడం కూడా ప్రమాదమే, పొగలో విషవాయువులుంటాయి.

ఇక మీకొక ప్రశ్న. ఒక లారీ స్లోలో ఆగిపోతోంది. మరొకటి స్లోలో చక్కగా నడుస్తూ, నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు గుంజలేక డీలా పడుతోంది. ఈ రెండింటిలో దేని డీజిల్ ఫిల్టరు మురికితో పూడిపోయి ఉండవచ్చు? పైన వేసిన లెక్కను మరోసారి చూసి, కారణంతో సహా మీ నోటుపుస్తకంలో రాయండి.