నీడ మొక్కకూ వెలుగు కావాలి
ఇంట్లో కుండీలు వాడిపోవడానికి వెలుతురు, వేడిలో మార్పే ప్రధాన కారణం

కడియం: నర్సరీలో నిగనిగలాడిన మొక్క ఇంటికి చేరిన నెల తిరక్కముందే ఆకులు రాలుస్తుంది. నీరు చాలలేదేమోనని ఇంట్లోవారు మరో చెంబు పోస్తారు. కొద్దిరోజులకే వేరు కుళ్లి మొక్క చనిపోతుంది. మొక్క మంచిది కాదని కొన్నవారు, సంరక్షణ లోపమని అమ్మినవారు అనుకోవడం పరిపాటి. అనేక సందర్భాల్లో అసలు కారణం వెలుతురు, ఉష్ణోగ్రతల్లో ఒక్కసారిగా వచ్చిన మార్పే.

తూర్పుగోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచి అలంకరణ మొక్కలు పలు రాష్ట్రాలకు వెళ్తాయి. ఇంట్లో పెంచే రకాలను అక్కడ షేడ్‌నెట్ కింద, తేమగాలిలో సాకుతారు. అలా పెరిగిన మొక్క తెరలు వేసిన గదిలోకి రాగానే తట్టుకోలేకపోతుంది.

కన్ను మోసపోతుంది
మిట్టమధ్యాహ్నపు ఎండ తీవ్రత సుమారు లక్ష లక్స్. గది మధ్యలో అది చాలాసార్లు కొన్ని వందల లక్స్ మాత్రమే. మనిషి కన్ను సర్దుకుంటుంది కనుక గది వెలుగుగానే తోస్తుంది. ఆకుకు మాత్రం ఆహారం తయారుచేసుకునే శక్తి తగ్గిపోతుంది. కాడలు సన్నగా సాగడం, కొత్త ఆకులు చిన్నవి కావడం, మనీప్లాంట్, క్రోటన్ ఆకుల్లో రంగులు వెలవడం ఇందుకు గుర్తులు.

తూర్పు కిటికీ వద్ద ఉదయపు లేత ఎండ చాలా రకాలకు అనుకూలం. పడమటి కిటికీ ఎండ ఆకులను మాడ్చేస్తుంది. అక్కడ పలుచని తెర తప్పనిసరి. వెలుతురు తక్కువగా ఉండేచోట స్నేక్ ప్లాంట్, అగ్లోనిమా వంటివి నిలదొక్కుకుంటాయి. క్రోటన్ నిలవదు.

ఎండ, చలి, ఏసీ
ఉష్ణమండలానికి చెందిన ఈ మొక్కలకు 18 నుంచి 27 డిగ్రీల ఉష్ణోగ్రత అనువైనది. వేసవిలో పాదరసం 40 డిగ్రీలు దాటినప్పుడు కుండీలను కిటికీ అద్దానికి, వేడెక్కిన గోడకు దూరంగా జరపాలి. ఏసీ గాలి నేరుగా తగిలితే ఆకుల కొనలు ఎండిపోతాయి. లంబసింగి వంటి మన్య ప్రాంతాల్లో చలికాలపు రాత్రులు 10 డిగ్రీల దిగువకు వెళ్తాయి. అక్కడ మొక్కలను రాత్రి కిటికీ పక్కన ఉంచరాదు.

నెమ్మదిగా అలవాటు చేయాలి
కొత్త మొక్కను తొలివారం నీడపట్టు వరండాలో, తర్వాత కిటికీ పక్కన ఉంచి, ఆపైనే గది లోపలికి మార్చాలి. వెలుతురు తగ్గితే నీరూ తగ్గించాలి. మట్టిలో వేలు అంగుళం లోతున దించి, పొడిగా తగిలితేనే పోయాలి. ఆకులపై దుమ్మును తడిగుడ్డతో తుడవాలి. వారానికోసారి కుండీని కొద్దిగా తిప్పితే మొక్క ఒకవైపే వంగదు.

గదిలో వెలుతురు బాగా తక్కువైతే రెండు కుండీలు పెంచుకోవడం మేలు. ఒకటి లోపల ఉండగా రెండోది వరండాలో ఉంచి, రెండు వారాలకోసారి మారిస్తే రెండూ పచ్చగా నిలుస్తాయి.