బిల్లు పాసైతే చట్టం వచ్చినట్టేనా? భూభారతి ఉదాహరణతో తెలుసుకుందాం

టీవీలో ‘బిల్లు పాసైంది’ అని రాగానే తెల్లారి దరఖాస్తు పట్టుకొని తహసీల్దార్ ఆఫీసుకు వచ్చేవాళ్లుంటారు. ‘ఇంకా అమల్లోకి రాలేదు’ అంటే ఉత్త చేతులతో తిరిగిపోవాలి. ఆ రోజు కూలీ పోతుంది, బస్సు చార్జీలూ పోతాయి. ‘పైసలిస్తే ముందే చేయిస్తా’ అనే దళారులు దిగేది కూడా ఈ సందులోనే. అందుకే బిల్లు చట్టంగా ఎట్లా మారుతుందో తెలిసి ఉండాలి.

మన రాష్ట్రంలో రెండు సభలు

శాసనసభ: 119 మంది ఎమ్మెల్యేలు. వీరిని మనమే నేరుగా ఓటేసి ఎన్నుకుంటాం.

శాసనమండలి: 40 మంది ఎమ్మెల్సీలు. ఎమ్మెల్యేలు 14 మందిని, స్థానిక సంస్థల ప్రతినిధులు 14 మందిని, పట్టభద్రులు ముగ్గురిని, ఉపాధ్యాయులు ముగ్గురిని ఎన్నుకుంటారు. ఆరుగురిని గవర్నర్ నామినేట్ చేస్తారు. మన జిల్లా పట్టభద్రులు వరంగల్–ఖమ్మం–నల్లగొండ స్థానానికి ఓటేస్తారు.

భూభారతి ఎట్లా వచ్చింది?

1. ముసాయిదా: 2024 ఆగస్టులో ముసాయిదాను ప్రజల ముందు పెట్టి సలహాలు అడిగారు. సామాన్యులు తమ మాట చెప్పుకోవడానికి ఇదే మంచి సమయం.

2. శాసనసభ: 2024 డిసెంబరు 18న రెవెన్యూ మంత్రి బిల్లు ప్రవేశపెట్టారు. చర్చ తర్వాత 20న సభ ఆమోదించింది. హాజరై ఓటేసినవారిలో ఎక్కువమంది ఒప్పుకుంటే మామూలు బిల్లు పాసైనట్టే.

3. మండలి: మండలి కూడా ఆమోదించింది. మండలి మార్పులు సూచించవచ్చు, కొంతకాలం ఆపవచ్చు. చివరి మాట మాత్రం శాసనసభదే. ద్రవ్య బిల్లునైతే మండలి 14 రోజుల్లో తిప్పి పంపాలి.

4. గవర్నర్: 2025 జనవరిలో ఆమోదం లభించింది. గవర్నర్ బిల్లును తిప్పి పంపవచ్చు, రాష్ట్రపతి పరిశీలనకూ పంపవచ్చు. 2025 మార్చిలో సభలు ఆమోదించిన 42 శాతం బీసీ రిజర్వేషన్ల బిల్లులు అట్లనే రాష్ట్రపతి దగ్గరికి వెళ్లాయి.

5. అమలు: నియమాలు తయారై, 2025 ఏప్రిల్ 14న భూభారతి అమల్లోకి వచ్చింది. ముందుగా నాలుగు మండలాల్లో మొదలైంది. అందులో మన పక్క ములుగు జిల్లా వెంకటాపూర్ ఒకటి.

అంటే సభ ఆమోదించిన రోజు నుంచి అమలు దాకా దాదాపు నాలుగు నెలలు పట్టింది.

దీనితో మీకేం లాభం?

2020 నాటి పాత చట్టంలో రెవెన్యూ అధికారుల దగ్గర అప్పీలుకు దారి లేదు. పేరు తప్పు పడ్డా, విస్తీర్ణం తగ్గినా చాలామంది సివిల్ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది. ఇప్పుడు తహసీల్దార్ ఉత్తర్వు మీద ఆర్డీవోకు, ఆర్డీవో ఉత్తర్వు మీద కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలుకు గడువుంటుంది. కాబట్టి ఉత్తర్వు కాపీ తప్పకుండా తీసుకోండి, దాని మీది తేదీ చూసుకోండి.

ఇకమీదట ఏ కొత్త చట్టం గురించి విన్నా మీ తహసీల్దార్ ఆఫీసులో రెండు విషయాలు అడగండి: గవర్నర్ ఆమోదం వచ్చిందా? ఏ తేదీ నుంచి అమలు? ఈ రెండింటికీ జవాబు దొరికే దాకా ఎవరికీ పైసా ఇవ్వకండి.