సైకిలు మీద సరిహద్దు దాటే రోజు

ఈ నెల గోడపత్రికలో నా వంతు వచ్చింది. నేను సైకిలు గురించి రాస్తున్నాను. సైకిలు గురించి రాయడానికి ఏముంది అని నవ్వకండి. చివరి దాకా చదవండి, చివర మనందరికీ ఒక పని ఉంది.

నాకు ఎలా తెలిసింది?

వేసవి సెలవుల్లో మా ఊరి బోరింగు దగ్గర ఇద్దరు సైకిలు వాళ్లు ఆగారు. వెనక చక్రానికి రెండు పక్కలా సంచులు వేలాడుతున్నాయి. మా అమ్మ వాళ్లు సరుకు అమ్మేవాళ్లనుకొని, "ఏటమ్ముతారు బాబూ?" అని అడిగింది. ఒకాయనకి తెలుగు వచ్చును. "ఏమీ అమ్మం తల్లీ, ఊళ్లు చూడ్డానికి వెళ్తున్నాం" అన్నారు. అమ్మ చోడి అంబలి పోసింది. అంబలి తాగుతూ ఆయన ఒక రోజు సంగతి చెప్పారు. ఆ రోజు ఆయన మన దేశంలో గోరఖ్‌పూర్ నుంచి బయల్దేరి నేపాల్ దేశంలోని లుంబిని దాకా సైకిలు తొక్కారు. ఆయన చెప్పినదీ, తర్వాత సోషల్ మాస్టారు అట్లాసులో చూపించినదీ కలిపి రాస్తున్నాను.

బయల్దేరే ముందు

గోరఖ్‌పూర్ ఉత్తరప్రదేశ్‌లో ఉన్నది. అక్కడి నుంచి సరిహద్దు ఊరు సునౌలీ సుమారు 95 కి.మీ. అక్కడి నుంచి లుంబిని ఇంకో 25 కి.మీ. మొత్తం 120. బరువు ఉన్న సైకిలు గంటకి 15 కి.మీ. పోతుంది. 120ని 15తో భాగిస్తే 8 గంటలు. ఆగడం, తినడం కలిపితే 10, 11 గంటలు. కాబట్టి తెల్లవారి 5కే బయల్దేరాలి.

సంచుల బరువు రెండు పక్కలా సమానంగా ఉండాలి. కావిడి మోసేవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఒక పక్క బరువైతే సైకిలు ఆ పక్కకే లాగుతుంది. ఒక ట్యూబు, పంచరు సొల్యూషను, పంపు, రెండు స్పోకులు కూడా ఉండాలి. సీటు ఎత్తు ఎంత? పెడలు కిందికి వచ్చినప్పుడు కాలు దాదాపు చాచినట్టు ఉండాలి. సీటు కిందికి ఉంటే మోకాళ్లు నొప్పి పుడతాయి.

తోవలో

ఆ రోడ్డు కొండ లేని చదును. అందుకే సులువు అనుకోకండి. కొండ మీద ఎక్కడానికి కష్టపడినా దిగేటప్పుడు కాళ్లకి విశ్రాంతి దొరుకుతుంది. చదునులో దిగడం ఉండదు, రోజంతా తొక్కుతూనే ఉండాలి. ఎదురుగాలి వస్తే అదే కొండ.

దాహం వేయక ముందే తాగాలి, ఆకలి వేయక ముందే తినాలి అని ఆయన రెండు సార్లు చెప్పారు. చెమటలో నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగాలి. విరేచనాలకి మన ఏఎన్ఎం అక్క చెప్పేది కూడా ఇదే.

గేటు దగ్గర

మధ్యాహ్నం 1 గంటకి సునౌలీ వచ్చింది. లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. రోడ్డు మీద పెద్ద గేటు. సరిహద్దు అంటే గోడ, ముళ్ల కంచె ఉంటాయని నేననుకున్నాను. అక్కడ అలా లేదంట. కూరగాయల సంచులతో ఆడవాళ్లు, రిక్షాలు, సైకిళ్లు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి. 1950లో భారత, నేపాల్ దేశాలు ఒక ఒడంబడిక చేసుకున్నాయి. అందువల్ల ఈ రెండు దేశాల వాళ్లు వీసా లేకుండా రావచ్చు, పోవచ్చు. మన పక్క కాపలా సశస్త్ర సీమాబల్ వారిది. వాళ్లు ఆయన సంచి విప్పించి చూశారు, ఓటరు కార్డు చూశారు, పొమ్మన్నారు. 10 నిముషాల పని.

ఆయన వెనకాలే ఒక విదేశీయుడు కూడా సైకిలు మీద వచ్చాడు. అతనికి అంత సులువు కాలేదు. ముందు మన ఆఫీసులో పాస్‌పోర్టు మీద బయటికి వెళ్లే ముద్ర వేయించుకోవాలి. తర్వాత నేపాల్ ఆఫీసులో డబ్బు కట్టి వీసా తీసుకోవాలి. మన ఆఫీసు చిన్నది, బజారులో కలిసిపోయి ఉంటుంది. అతను చూడకుండా దాటిపోయాడు. నేపాల్ వాళ్లు, ముద్ర లేదు, వెనక్కి పోయి వేయించుకు రా అన్నారు. ఎండలో మళ్లీ వెనక్కి వచ్చాడు పాపం. ఇద్దరివీ ఒకేలాంటి కాళ్లు, ఒకేలాంటి సైకిళ్లు. కాగితం వేరు, అంతే.

గేటు దాటాక ఏం మారింది?

మొదట గడియారం. మన గడియారం 1:10 అయితే అక్కడ 1:25. ఎందుకని? మన దేశపు టైము 82½ డిగ్రీల రేఖాంశం మీద లెక్క. నేపాల్ టైము 86¼ డిగ్రీల మీద. తేడా 3¾ డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిముషాలు. 3¾ ఇంటూ 4, పదిహేను. ఈ లెక్క నేనే చేశాను. మాస్టారు బోర్డు మీద నాచేత మళ్లీ చేయించారు.

రెండు, డబ్బు. మన 100 రూపాయలకి నేపాల్ 160 రూపాయలు. మూడు, సంవత్సరం. వాళ్లది విక్రమ సంవత్సరం, మనకంటే సుమారు 57 ఏళ్లు ముందు. మారనిది ఏమిటంటే, అక్కడ కూడా ఎడమ పక్కనే పోవాలి. నేపాల్ దాటి చైనాలోకి వెళితే మాత్రం కుడి పక్క. అది మరిచిపోతే ప్రమాదం.

సాయంత్రం ఆయన లుంబిని చేరారు. బుద్ధుడు పుట్టిన చోటు అదే. అక్కడ అశోకుడు వేయించిన రాతి స్తంభం ఉన్నది. బుద్ధుడు ఇక్కడ పుట్టాడనీ, అందువల్ల ఈ ఊరికి పన్ను తగ్గించాననీ దాని మీద బ్రాహ్మీ లిపిలో చెక్కించాడు. కళింగ యుద్ధం పాఠంలో మనం చదివిన అశోకుడే. రాసి ఉంది కాబట్టి రెండు వేల ఏళ్లు దాటినా ఆ మాట నిలిచింది.

మా వదిన సంగతి

ఇదంతా వింటే నాకు మా వదిన గుర్తొచ్చింది. మేం సవరలం. మా వాళ్లు ఆంధ్రాలోనూ ఉన్నారు, ఒడిశాలోనూ ఉన్నారు. మా మేనత్తది ఒడిశా పక్క ఊరు. కందికొత్తల పండక్కి అయ్య నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకొని తీసుకుపోతాడు. తోవలో గేటు లేదు, పోలీసు లేడు. ఒక రాయి ఉంది, దాని మీద మేకలు ఎక్కుతాయి. అటూ ఇటూ ఒకటే భాష, ఒకటే పాట.

మా మామ చనిపోయాక వదిన మా ఇంటికి వచ్చింది. నాతో పాటు హాస్టల్లో చేరి చదువుకుంటానంది. అయ్య ఒక ఆఫీసుకి తీసుకెళ్లాడు. కుల సర్టిఫికెట్ చూపించారు. అది ఒడియాలో ఉంది. అక్కడ ఎవరికీ చదవడం రాలేదు. తర్వాత, ఇది ఆ రాష్ట్రానిది, ఇక్కడి సీటుకి చెల్లదు అన్నారు. తండ్రిది ఏ రాష్ట్రమో ఆ రాష్ట్రపు సర్టిఫికెట్టే అంట, రూలు అలాగే ఉందని మాస్టారు కూడా చెప్పారు. అయ్యకి చదువు రాదు. ఎవరిని ఏమడగాలో తెలీక మూడు సార్లు తిరిగాడు. నాలుగో సారి వదినని సైకిలు మీద ఎక్కించుకొని వాళ్ల ఊళ్లో దింపి వచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. ఇప్పుడు వదిన జీడితోటలో పనికి పోతోంది. నాకంటే ఒక్క ఏడాదే పెద్దది.

దేశాల మధ్య గేటు కనిపిస్తుంది కాబట్టి ముందే తెలుసుకొని పోతాం. మా తోవలో గేటు కనిపించలేదు. సైకిలు దాటింది, కాగితం దాటలేదు.

14 ఏళ్లకి బడి మానిన ఆవిడ

ఐర్లండు దేశంలో డెర్వ్లా మర్ఫీ అని ఒకావిడ ఉండేది. 1931లో పుట్టింది. పదో పుట్టినరోజుకి ఆమెకి ఒక పాత సైకిలు, ఒక అట్లాసు ఇచ్చారు. సైకిలు మీద ఇండియా పోతానని అప్పుడే అనుకుంది. కాని తల్లికి జబ్బు. తల్లిని చూసుకోవడానికి 14 ఏళ్లకి బడి మానేసింది. అంటే నా వయసుకి. అయినా చదవడం మానలేదు. తల్లి పోయాక, 1963లో, 31 ఏళ్ల వయసులో, ఒక్కతే సైకిలు మీద బయల్దేరి ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ దాటి అదే ఏడాది ఢిల్లీ వచ్చింది. తర్వాత చాలా పుస్తకాలు రాసింది. 2022లో చనిపోయింది. ఈ సంగతి నేను వదినకి చెప్పాను. వదిన, "నాకింకా టైముందన్నమాట" అంది.

మన పని

తోటి పిల్లలారా, ఈ ఆదివారం మీ కాగితాలు ఒకసారి తీసి చూసుకోండి. ఆధార్ కార్డులో, కుల సర్టిఫికెట్టులో, బడి రిజిస్టరులో పేరు ఒకేలా ఉందా? నాది లేదు. ఒకదానిలో పేరుకి ముందు సవర ఉంది, ఒకదానిలో లేదు. టెన్త్ ఫారం నింపేటప్పుడు చూసుకుంటే ఆలస్యం అవుతుంది. ఇప్పుడే మాస్టారికి చెప్పండి. ఇంట్లో వాళ్లకి చదవడం రాకపోతే మనమే చదివి చెప్పాలి.

వార్డెన్ గారికి ఒక మనవి. స్టోరు రూము వెనక తుప్పు పట్టిన సైకిలు ఒకటి ఉన్నది. టైర్లు వేయిస్తే ఆదివారాలు ఆడపిల్లలం నేర్చుకుంటాం. వదిన ఊరికి తోవ నాకు తెలుసు. దూరవిద్యలో టెన్త్ ప్రైవేటుగా రాయొచ్చని మాస్టారు చెప్పారు. ఆ ఫారం నేనే తీసుకెళ్లి నింపి ఇస్తాను.

ఇక సెలవు.

– 9వ తరగతి విద్యార్థిని