గుడారంలో పసివాడి చలి లెక్క

డిసెంబరు వచ్చిందంటే లంబసింగి, అరకు దారుల్లో కార్లు బారులు తీరతాయి. పొగమంచు చూడాలని వెళ్లి టెంట్లలో రాత్రి గడిపేవాళ్లలో రెండు మూడేళ్ల పిల్లలున్న కుటుంబాలూ ఉంటాయి. పిల్లలకు కొండనూ అడవినీ చూపించడం ఎంతో మంచిది. అయితే ఒకే టెంట్లో పక్కపక్కనే పడుకున్నా తండ్రికి పట్టే చలి వేరు, బిడ్డకు పట్టే చలి వేరు. ఆ తేడా తెలుసుకున్నాకే మూట కట్టుకోవాలి.

ముందు కొండ సంగతి చూద్దాం. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. లంబసింగి ఉన్నది దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున. విశాఖలో తెల్లవారుజామున 18 డిగ్రీలుంటే, ఆ లెక్కన అక్కడ 11 దాకా ఉండాలి. కానీ కొన్ని రాత్రులు 5 కంటే కిందికి పడిపోతుంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి లోయ అడుగున చేరుతుంది. అందుకే టెంటును పల్లంలో కాకుండా కాస్త మిట్టన వేసుకోవాలి.

ఇక ఒంటి లెక్క. వేడి పుట్టేది శరీరం లోపల, పోయేది చర్మం మీదుగా. 70 కిలోల మనిషికి కిలో బరువుకు సుమారు 260 చదరపు సెంటీమీటర్ల చర్మం ఉంటే, 12 కిలోల బిడ్డకు 450 దాకా ఉంటుంది. గిన్నెలో పాలు వేడిగా ఉండగానే గ్లాసులో పోసినవి చల్లారిపోయేది ఇందుకే. పైగా పెద్దవాళ్ల ఒంటి వైశాల్యంలో తల వాటా 9 శాతమైతే, ఏడాది బిడ్డకు అది 18 శాతం. కాబట్టి మెడకు తాళ్లు కట్టే పని లేని, తలకు సరిగ్గా పట్టే ఉన్ని టోపీ తప్పనిసరి.

చాలామంది మరిచిపోయేది కింది చలిని. పైన ఎన్ని రగ్గులు కప్పినా, ఒంటి కింద నలిగిన దుప్పటిలో గాలి నిలవదు. నేల నేరుగా వేడిని లాగేస్తుంది. గాలి ఊదే పరుపు మెత్తగా ఉంటుందే తప్ప, లోపలి గాలి కదులుతూ వేడిని కిందికి చేరవేస్తుంది. దళసరి ఫోమ్ మ్యాట్ వేసి, దాని మీద ఉన్ని దుప్పటి పరవడం మేలు. తడి ఇంకా ప్రమాదం. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగుతుంది. పగలంతా ఆడి చెమట పట్టిన బట్టలు, బనీనుతో సహా మార్చేసి పొడివి తొడిగాకే పడుకోబెట్టాలి.

రాత్రి మెలకువ వచ్చినప్పుడు బిడ్డ చేతులు పట్టి చూసి కంగారు పడొద్దు. చలికి శరీరం ముందుగా చేతులకూ కాళ్లకూ రక్తం తగ్గిస్తుంది, అవి చల్లబడటం మామూలే. మెడ వెనుక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే. చెమటగా ఉంటే ఒక పొర తీసేయండి. ఛాతీ కూడా చల్లగా తగిలి, బిడ్డ మత్తుగా, నీరసంగా ఉంటే తడి బట్టలు తీసి ఒంటికి హత్తుకుని, ఇద్దరికీ కలిపి దుప్పట్లు కప్పుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎంత చలి వేసినా బొగ్గుల కుంపటిని టెంట్లోకి మాత్రం తేవద్దు. ఆరిపోతున్నట్టు కనిపించే నిప్పుల నుంచీ కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పిల్లలు పెద్దవాళ్లకంటే వేగంగా ఊపిరి తీస్తారు కనుక విషం వాళ్లకే ముందు ఎక్కుతుంది. చలిమంట బయటే, టెంటుకు దూరంగా వేయాలి, పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పాలి.

మొదటిసారి వెళ్తున్నవాళ్లు ఇంకో పని చేయాలి. టెంటుకు దగ్గర్లోనే గోడలూ పైకప్పూ ఉన్న గది ఒకటి ముందే మాట్లాడి పెట్టుకోవాలి. బిడ్డకు చలి ఆగకపోతే అర్ధరాత్రి పొగమంచులో ఘాట్ రోడ్డు దిగే అవసరం రాకూడదు.