బియ్యం సంచిలో ఆలుగడ్డలు

కిందటేడాది మార్చిలో మా అబ్బాయి వంటింట్లో మొలకెత్తిన రెండు ఆలుగడ్డలను బాల్కనీ కుండీలో పాతాడు. మొక్క ఏపుగా పెరిగింది. మే నెలలో తవ్వి చూస్తే గోళీలంత దుంపలు నాలుగే! మట్టి బాగాలేదని వాడు తేల్చేశాడు. "తప్పు మట్టిది కాదు బిడ్డా, కాలానిది" అంది మా అమ్మ. జహీరాబాద్ దగ్గర పల్లెలో ఏళ్ల తరబడి ఆలుగడ్డ పండించిన మనిషి. నాన్న పోయాక మాతో వైశాలి వచ్చింది. ఆరో అంతస్తు ఫ్లాట్‌లో ఆమెకు తోచిన మొదటి పని అదే.

అమ్మ చెప్పింది నిజం. ఆలుగడ్డ వేరు కాదు, కాండమే. భూమిలోపల సాగే కొమ్మల చివర్లు ఉబ్బి దుంపలవుతాయి. అందుకు రాత్రులు చల్లగా, సుమారు 20 డిగ్రీలకు లోపు ఉండాలి. వేడి ఎక్కువైతే ఆకులు పెరుగుతాయి, దుంప ఊరదు. అందుకే ఇక్కడ అక్టోబరు మధ్య నుంచి నవంబరు మొదటివారం లోపు నాటాలి. జహీరాబాద్‌లోనూ ఇది చలికాలపు పంటే.

ఈసారి దసరా, దీపావళి మధ్య మొదలుపెట్టాం. కూరకు కొన్న దుంపలకు మొలక రాకుండా మందు వాడి ఉండొచ్చు కనుక విత్తన దుంపలే తెచ్చాం. రకం కుఫ్రీ చంద్రముఖి; 80-90 రోజుల పంట. కుఫ్రీ అనేది సిమ్లా దగ్గరి ఊరు. సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ తన రకాలకు ఆ పేరే ముందు పెడుతుంది.

ఇరవై అయిదు కిలోల బియ్యం సంచులు మూడు తీసుకుని అడుగున రంధ్రాలు చేశాం. మట్టి, వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు సమంగా కలిపి మూడోవంతు నింపాం. రెండు మూడు కళ్లుండేలా దుంపలు కోసి, కోసిన చోటు ఆరనిచ్చి, సంచికి రెండు ముక్కలు నాలుగంగుళాల లోతున పెట్టాం. ఆరు గంటల ఎండ పడే చోటు చూసుకోవాలి. మొక్క జానెడయ్యాక మొదలు చుట్టూ మట్టి ఎగదోయాలి. వెలుతురు తగిలిన దుంప పచ్చబడి, అందులో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. అలాంటి దుంపలు పిల్లలకు అసలే పెట్టకూడదు.

మట్టి తడిగా ఉంటే చాలు, బురద కాకూడదు. పొద్దున పూట మొదట్లోనే నీళ్లు పోయాలి. పొగమంచు రోజుల్లో ఆకులపై నీటిలో నానినట్టు మచ్చలొస్తే అది లేట్ బ్లైట్ తెగులు కావచ్చు. 1845లో ఐర్లండ్‌ను కరువులోకి నెట్టింది అదే. మచ్చ కనిపించిన ఆకులను అమ్మ వెంటనే తుంచి కవర్లో కట్టి పారేసేది.

మా అబ్బాయికి ప్రతి ఆదివారం తవ్వి చూడాలనే! "గడువుకు ముందే డిపాజిట్ తీస్తే వడ్డీ పోతుంది" అని ఆపాను. జనవరిలో ఆకులు పసుపెక్కాక నీళ్లు ఆపి, పదిరోజులకు సంచులు బోర్లించాం. తొక్క గట్టిపడటానికే ఆ పదిరోజులు.

తూకం వేస్తే రెండు కిలోల ఏడు వందల గ్రాములు. ఆలుగడ్డ మొత్తం ఉత్పత్తిలో ఉత్తరప్రదేశ్‌ది దేశంలోనే మొదటి స్థానం. కొత్త పంట బండ్ల మీద చవకగా దొరికే రోజులవి. మట్టికీ ఎరువుకూ పెట్టిన ఖర్చు చూస్తే మా ఖాతా నష్టంలోనే ముగిసింది.

కానీ కింది అంతస్తు మీరట్ ఆంటీ ఇప్పుడు రోజూ పైకి వస్తోంది. మట్టి ఎప్పుడు ఎగదోయాలో అమ్మ తన జహీరాబాద్ ఉర్దూలో ఆమెకు చెబుతోంది. వచ్చే దసరాకు రెండు సంచులు ఆవిడవట.