పాత రంపం బల్ల కొనే ముందు

మన గోదావరి జిల్లాల్లో పాత మండువా లోగిళ్లు ఒక్కొక్కటే విప్పేస్తున్నారు. ఆ దూలాలూ తలుపులూ చూసి, పిల్లలకో బల్ల, దేవుడికో మందిరం మనమే చేసుకుందామని ఇంట్లో మగవాళ్లకి ముచ్చట పుడుతుంది. చేతిరంపంతో ఓపిక చాలదు. కొత్త మిషను ధర వింటే గుండె గుభేలుమంటుంది. అందుకని ఏ వడ్రంగి షెడ్డులోదో పాత రంపం బల్ల కొంటామంటారు. బల్ల మధ్య చీలికలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరుగుతుంటుంది, చెక్కని మనం దాని మీదకి తోస్తాం. వద్దని నేననను. కాని బీరువా తాళం మీ దగ్గరుంటుంది కదా, డబ్బు తీసే ముందు కొన్ని సంగతులు అడగండి.

మొదటిది, మోటారు ఎన్ని ఫేజులది? షెడ్లలో తరచు 415 వోల్టుల త్రీఫేజు మోటార్లు ఉంటాయి. మామూలు ఇంటికి వచ్చేది 230 వోల్టుల సింగిల్ ఫేజు. మోటారు మార్చవలసి వస్తే చవక కాస్తా ఖరీదవుతుంది. సింగిల్ ఫేజుదైనా 2 హార్స్ పవరుంటే 16 ఆంపియర్ల ప్లగ్గు, విడిగా వైరు, మంచి ఎర్తింగు కావాలి. మిక్సీ ప్లగ్గుకి తగిలిస్తే కుదరదు.

రెండవది, వరదలో మునిగిందా? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంక ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. నానిన మోటారుకి రంగేస్తే కొత్తదానిలాగే కనిపిస్తుంది. ఎలక్ట్రీషియను చేత మెగ్గరు పెట్టించి వైండింగు చూపించండి.

మూడవది, ప్లగ్గు పీకేసి బ్లేడు బిగించే ఇరుసుని పట్టుకుని కదపండి. లొడలొడలాడితే బేరింగులు పోయినట్టే. బల్ల మీద మూలమట్టం అంచు నిలబెట్టి కింద వెలుతురు కనిపిస్తుందేమో చూడండి. పైపై తుప్పు గరుకు కాగితంతో పోతుంది. పోత ఇనుము పగిలితే మాత్రం వదిలేయండి.

ఇంటికి తెచ్చాక సరిచూడడం ఉంది. అప్పుడూ ప్లగ్గు పీకే ఉండాలి. బ్లేడు పన్ను ఒకదానికి సుద్దతో గుర్తు పెట్టి, బల్ల మీది గాడి నుంచి ముందువైపు ఎంత దూరముందో కొలవండి. అదే పన్నుని వెనక్కి తిప్పి మళ్లీ కొలవండి. తేడా అర మిల్లీమీటరు దాటకూడదు. చెక్కని ఆనించి తోసే గైడు పట్టె కూడా గాడికి సమాంతరంగా ఉండాలి. వెనక కొస బ్లేడు వైపు వంగిందా, చెక్క ఇరుక్కుంటుంది. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే పళ్లు గంటకి 140 కిలోమీటర్ల పైన పోతున్నట్టు లెక్క. ఇరుక్కున్న చెక్కని ఆ వేగంతో తోసేవాడి పొట్ట మీదకే విసురుతుంది.

దాన్ని ఆపడానికే బ్లేడు వెనక సన్నటి రేకు ఉంటుంది. కోసిన చీలిక మూసుకుపోకుండా చూస్తుంది. పైన తొడుగు వేళ్లని కాపాడుతుంది. పాత మిషన్లకి తరచు ఈ రెండూ ఊడదీసి ఉంటాయి. అవి అమర్చాకే స్విచ్చి వెయ్యనివ్వండి. వేలు తగలగానే బ్లేడు ఆగిపోయే పద్ధతిని అమెరికాలో స్టీఫెన్ గ్యాస్ 1999లో కనిపెట్టాడు. మన పాత బల్లకి ఆ తెలివి లేదు, దానికి వేలూ చెక్కా ఒకటే.

ఇక మన సంగతి. "కాస్త ఆ చివర పట్టుకో" అని మనల్నే పిలుస్తారు. పలకకి కింద ఆసరా ఇవ్వండి, లాగకండి. లాగితే గైడు నుంచి పక్కకి జరిగి ఇరుక్కుంటుంది. అసలు మనిషి బదులు అదే ఎత్తు బల్ల ఒకటి వెనక వేసుకుంటే ఇంకా మేలు. పమిట దోపుకోవాలి, జడ ముడేసుకోవాలి, గాజులు తీసెయ్యాలి. చేతికి తొడుగులు వద్దు, బ్లేడు వాటిని పట్టి చేతిని లాక్కుంటుంది. సన్న ముక్కల్ని తోపుడు కర్రతోనే తొయ్యాలి. పాత ఇంటి చెక్కలో మేకులు దాక్కుని ఉంటాయి, కోసే ముందు అయస్కాంతం తిప్పి చూడాలి.

రేకుకీ, తొడుగుకీ, ఎర్తింగుకీ అయ్యే డబ్బు మిషను ధరలో కలిపి కూడండి. అప్పటికీ చవకైతే సంతోషంగా కొనుక్కోండి.